బెర్త్ అంటే ఏమిటి? రైల్లో ఉన్నదీ రేవులో ఉన్నదీ ఒకటేనా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. బీకాం అయ్యాక విశాఖపట్నంలో పోర్ట్ దగ్గర ఒక షిప్పింగ్ ఏజెన్సీలో చేరారు. మెయిల్ తెరిస్తే చాలు బెర్త్, బెర్తింగ్, బెర్త్ హైర్ అనే మాటలే. మీకు తెలిసిన బెర్త్ రైల్లో పడుకునేది. పేపర్లో చూస్తే మంత్రివర్గంలో బెర్త్ అని రాస్తారు. ఇవన్నీ ఒకే మాటా, వేరువేరా? పుట్టిన తేదీ సర్టిఫికెట్‌లో ఉండే బర్త్‌కీ దీనికీ ఏమైనా చుట్టరికం ఉందా? ఆఫీసులో అడిగితే నవ్వుతారేమోనని మొహమాటంగా ఉందని కూడా రాశారు.

నవ్వేవాళ్ళలో సగం మందికి కూడా పూర్తిగా తెలియదు లెండి. ఓడల పనిలోనే తల నెరిసినవాణ్ణి కాబట్టి కొంచెం పొడుగ్గానే చెప్తాను.

ముందు ఒక్క ముక్కలో జవాబు. బెర్త్ అంటే మంచం కాదు. ఒకరి కోసం కొలిచి, కేటాయించి ఉంచిన జాగా. అది కొంత సమయానికే మీది. తర్వాత ఖాళీ చేయాలి, ఇంకొకరు వస్తారు. ఈ అర్థం పట్టుకుంటే రైలు, రేవు, మంత్రివర్గం మూడూ ఒక దారిలోకి వస్తాయి.

అందరూ రైలు బెర్తే అసలుదనీ, ఓడలవాళ్ళు దాన్ని అరువు తెచ్చుకున్నారనీ అనుకుంటారు. జరిగింది తలకిందులు. ఇది పదిహేడో శతాబ్దపు ఇంగ్లిష్ నావికుల మాట. అప్పటికి రైలే లేదు. ఓడ లంగరు వేశాక ఒక్కచోట కదలకుండా ఉండదు. గాలి ఎటు తిప్పితే అటు, నీటి పోటు ఎటు లాగితే అటు, లంగరు గొలుసు చుట్టూ తిరుగుతూ ఉంటుంది. అలా తిరిగేటప్పుడు పక్క ఓడకో రాతికో తగలకుండా చుట్టూ వదిలే నీటి జాగాని వాళ్ళు బెర్త్ అన్నారు. తర్వాత గట్టు పక్కన ఓడ కట్టేసే చోటుకి ఆ పేరు వచ్చింది. ఆ తర్వాత ఓడ లోపల నావికుడు పడుకునే చోటుకి. రైళ్ళు వచ్చి రాత్రి ప్రయాణాలు మొదలయ్యాక పడక పెట్టెలు చేసినవాళ్ళు ఓడ క్యాబిన్ మాటనే తీసుకున్నారు.

బర్త్ సర్టిఫికెట్ సంగతి. ఇంగ్లిష్‌లో రెండిటి స్పెల్లింగు వేరు, పలకడం మాత్రం ఒకటే. మనం తెలుగులో పుట్టుకని బర్త్ అనీ, జాగాని బెర్త్ అనీ వేరు చేసి పలుకుతాం కాబట్టి మనకే ఇబ్బంది తక్కువ. మోయడం అనే అర్థం ఉన్న పాత క్రియ ఒకటి రెండిటికీ వెనక ఉందని భాషావేత్తలు అంటారు. ఓడల మాట విషయంలో అది బలమైన ఊహే తప్ప పూర్తిగా తేలిన సంగతి కాదు. మీ పనికి ఆ చుట్టరికంతో అవసరం లేదు. మెయిల్లో స్పెల్లింగు తప్పకపోతే చాలు. ఓడకి పుట్టినరోజు చేసిన మెయిళ్ళు నేను బోలెడు చూశాను.

ఇక అసలు విషయం, అంటే రేవులో బెర్త్. సాయంత్రం ఆర్కే బీచ్‌లోనో కైలాసగిరి మీదో నిలబడితే దూరంగా సముద్రంలో వరసగా ఆగి ఉన్న ఓడలు కనిపిస్తాయి. చాలామంది అవి వెళ్ళిపోతున్న ఓడలనుకుంటారు. వాటిలో ఎక్కువ భాగం లంగరేసి, లోపల బెర్త్ ఎప్పుడు ఖాళీ అవుతుందా అని చూస్తున్నవే. కొన్ని కాగితాల కోసమో, ఓనర్ ఆర్డర్ల కోసమో ఆగుతాయి. ఆ ప్రాంతాన్ని యాంకరేజ్ అంటారు. అక్కడున్న ఓడ పోర్ట్‌కి వచ్చినట్టే, కానీ బెర్త్‌కి వచ్చినట్టు కాదు. ఈ తేడా మీద లక్షల రూపాయలు ఆధారపడి ఉంటాయి. దాని సంగతి కాసేపట్లో చెప్తాను.

మన పోర్ట్‌లో మొదటి ఓడ జలదుర్గ. 1933 అక్టోబరు 7న వచ్చింది. అప్పుడున్నది ఇన్నర్ హార్బర్ ఒక్కటే. డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనుంచి సన్నటి కాలువలా ఛానల్ లోపలికి వెళ్తుంది. లోపల ఒకప్పుడు చిత్తడి నేల. దాన్ని తవ్వి రేవు చేశారు. ఆ కొండ గాలికీ అలలకీ అడ్డు నిలవడం ఈ చోటుకి కలిసొచ్చిన సంగతి. ఇనుప ఖనిజం ఎగుమతి పెరిగి, లోపలికి పట్టనంత పెద్ద ఓడలు రావడం మొదలయ్యాక, సముద్రంలోకి రాళ్ళ గోడలు కట్టి 1970లలో అవుటర్ హార్బర్ వేశారు. బైలదిల్లా ఖనిజం కిరండూల్ లైన్ మీద రైల్లో దిగి వచ్చి అక్కడి ఓర్ బెర్త్‌లో ఓడెక్కుతుంది.

బెర్తుల పేర్లు చూసి బెదరకండి. ఇన్నర్ హార్బర్‌లో తూర్పు గట్టు మీదివి ఈస్ట్ క్వే, పడమటి గట్టు మీదివి వెస్ట్ క్వే. మనవాళ్ళు ఈక్యూ, డబ్ల్యూక్యూ అని పక్కన నంబరు చెప్తారు. ఆయిల్ రిఫైనరీ బెర్తులు ఓఆర్, ఓర్ బెర్తులు ఓబీ. ఎరువులకి, ఎల్పీజీకి, కంటైనర్లకి, బొగ్గుకి వేర్వేరు చోట్లున్నాయి. మీ ఆఫీసు గోడ మీద పోర్ట్ లేఅవుట్ ఉండే ఉంటుంది. ఒక మధ్యాహ్నం దాని ముందు నిలబడి చదవండి. నాలుగు పుస్తకాల కంటే అది నయం.

మన ఆర్టీసీ కాంప్లెక్స్‌లో ప్లాట్‌ఫాంలు గుర్తు తెచ్చుకోండి. బస్సు వస్తుంది, తన ప్లాట్‌ఫాంలో ఆగుతుంది, జనాన్ని దింపి ఎక్కించుకుని వెళ్తుంది, వెనక ఇంకో బస్సు హారన్ కొడుతూ ఉంటుంది. ఓడ బెర్త్ కూడా అంతే. కాకపోతే బస్సు ఏ ప్లాట్‌ఫాంలోనైనా పడుతుంది, ఓడ పట్టదు. మూడు విషయాలు కుదరాలి. ఒకటి పొడవు. రెండోది డ్రాఫ్ట్, అంటే ఓడ అడుగు నీళ్ళలోకి ఎంత లోతు దిగి ఉందో ఆ కొలత. సరుకు నిండా ఉంటే ఎక్కువ దిగుతుంది, దింపుతున్నకొద్దీ తేలుతుంది. మూడోది ఆ సరుకుకి కావలసిన సదుపాయం. క్రూడ్, అంటే ముడి చమురు, తెచ్చిన ట్యాంకర్‌ని బొగ్గు బెర్త్‌లో కట్టి లాభం లేదు, పైపులైన్ ఉండొద్దూ? విశాఖలో ఆటుపోట్ల తేడా మామూలుగా రెండు మీటర్లు కూడా ఉండదు కాబట్టి, నీళ్ళు పెరిగాక లోపలికి తెద్దాంలే అనుకున్నా కలిసొచ్చేది కొంచెమే. బెర్త్ దగ్గర ఎంత డ్రాఫ్ట్ వరకు అనుమతో పోర్ట్ ప్రకటిస్తుంది. ఆ అంకె మారుతూ ఉంటుంది. పాత మెయిల్లోది ఎత్తి రాయకండి, ప్రతిసారీ చూసుకోండి.

బెర్తింగ్ అంటే ఓడని తెచ్చి బెర్త్‌లో కట్టే పని మొత్తం. ఏ ఓడ ఎప్పుడు ఎక్కడికి రావాలో పోర్ట్ దగ్గర రోజూ మీటింగ్ పెట్టి తేలుస్తారు. ఏజెంట్లు, స్టీవెడోర్లు (ఓడలో సరుకు ఎక్కించి దించే పని చూసేవాళ్ళు), పోర్ట్ ట్రాఫిక్ వాళ్ళు, మెరైన్ వాళ్ళు ఉంటారు. మీ ఓడ వంతు వచ్చాక పైలట్ బయటికి బోట్ మీద వెళ్ళి తాళ్ళ నిచ్చెన పట్టుకుని ఓడెక్కుతాడు. పైలట్ అంటే ఇక్కడ విమానం నడిపేవాడు కాదని మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. ఛానల్ ఇరుకు, మలుపులు ఆయనకి తెలుసు. ఓడకి మాస్టర్ (కెప్టెన్) మాస్టరే, దారి చెప్పేది పైలట్. టగ్గులు, అంటే పెద్ద ఓడల్ని లాగి నెట్టే చిన్న ఓడలు, ముందూ వెనకా పట్టి ఓడని మెల్లగా గట్టుకి నెడతాయి. గట్టుకీ ఓడకీ మధ్య రబ్బరు ఫెండర్లు ఉంటాయి. ముందు సన్న తాడు విసురుతారు, దానికి కట్టిన లావు తాళ్ళు గట్టు మీద వాళ్ళు లాగి బొలార్డ్‌లకి తగిలిస్తారు. బొలార్డ్ అంటే గట్టు మీద పాతిన ఇనుప గుంజ. మొదటి తాడు పడిన టైమూ, అన్ని తాళ్ళూ బిగిసిన టైమూ లాగ్‌లో రాస్తారు. రెండోదాన్ని ఆల్ ఫాస్ట్ అంటారు. ఇక్కడ ఫాస్ట్ అంటే వేగం కాదు, గట్టిగా బిగించడం. మీ స్టేట్‌మెంట్ ఆఫ్ ఫ్యాక్ట్స్‌లో (ఏ పని ఎప్పుడు జరిగిందో రాసే కాగితం అది) ఈ టైములు నిమిషంతో సహా ఉండాలి.

ఎందుకంత పట్టుదల అంటే డబ్బు. ఓడ అద్దెకి తీసుకునే ఒప్పందాన్ని చార్టర్ పార్టీ అంటారు. అందులో సరుకు ఎక్కించడానికో దించడానికో ఇంత సమయం అని రాసుకుంటారు. దాని పేరు లేటైం. అది దాటితే అద్దెకి తీసుకున్నవాడు ఓనర్‌కి రోజుకింతని డెమరేజ్ కట్టాలి. మరి లేటైం గడియారం ఎప్పటినుంచి నడుస్తుంది? ఓడ వచ్చాను, సిద్ధంగా ఉన్నాను అని మాస్టర్ ఇచ్చే కాగితం నోటీస్ ఆఫ్ రెడీనెస్. ఒప్పందం బెర్త్ చార్టర్ అయితే ఓడ బెర్త్‌లోకి చేరాకే ఆ నోటీసు చెల్లుతుంది. పోర్ట్ చార్టర్ అయితే పోర్ట్ పరిధిలోకి వచ్చి మామూలుగా ఆగే చోట లంగరేస్తే చాలు. కొన్ని ఒప్పందాల్లో వెదర్ ఇన్ బెర్త్ ఆర్ నాట్ అని ఒక మాట ఉంటుంది. బెర్త్ దొరికినా దొరకకున్నా నోటీసు ఇవ్వొచ్చని దాని భావం. అంటే బెర్త్ ఖాళీ లేక ఓడ ఆర్కే బీచ్ ఎదురుగా వారం రోజులు నిలబడితే, ఆ వారం ఖర్చు ఎవరి నెత్తిన పడుతుందో ఈ ఐదు మాటలు తేలుస్తాయి. కొత్తగా చేరినవాళ్ళకి నేను మొదట చదివించేది చార్టర్ పార్టీలో ఈ పేరానే. రేట్లు తర్వాత నేర్చుకోవచ్చు.

డెమరేజ్ అనే మాట కూడా జాగ్రత్త. ఓడకి డెమరేజ్ ఉంది, రైల్వే రేకుని (సరుకు తెచ్చిన గూడ్సు బండిని) గడువులోగా ఖాళీ చేయకపోతే డెమరేజ్ ఉంది, సరుకు పోర్ట్‌లో పడి ఉంటే కట్టేదాన్ని కూడా మనవాళ్ళు డెమరేజ్ అనే అంటారు. ఫోన్‌లో ఎవరైనా డెమరేజ్ పడిందంటే, దేనికి పడిందని అడగండి.

బెర్త్ హైర్ వేరు. ఓడ బెర్త్‌లో నిలిచినందుకు పోర్ట్ వసూలు చేసే అద్దె అది. ఓడ సైజుని బట్టి, ఉన్న గంటల్ని బట్టి లెక్క. బెర్త్ ఆక్యుపెన్సీ అంటే బెర్త్ ఎంత శాతం సమయం నిండి ఉందన్న లెక్క. ఇది నూటికి నూరు ఉంటే మంచిదని పైకి అనిపిస్తుంది. నిజానికి అప్పుడే బయట క్యూ పెరుగుతుంది. ఒక ఓడ వెళ్ళి ఇంకొకటి రావడానికి మధ్యలో కొంత ఖాళీ లేకపోతే, ఒకదాని ఆలస్యం వెనకున్న వాటన్నిటి మీదా పడుతుంది. ఆక్యుపెన్సీ బాగా ఎక్కువని ఎవరైనా గొప్పగా చెప్తే, వెయిటింగ్ ఎన్ని రోజులని నేను అడుగుతాను.

ఇంకో గందరగోళం: జెట్టీ, క్వే, వార్ఫ్, డాక్. క్వే, వార్ఫ్ అంటే గట్టు. జెట్టీ సాధారణంగా ఒడ్డు నుంచి నీళ్ళలోకి పొడుచుకు వచ్చిన కట్టడం. ఫిషింగ్ హార్బర్‌లో మీరు వినేది ఎక్కువగా జెట్టీయే. బెర్త్ అంటే కట్టడం కాదు, ఆ కట్టడం పక్కన ఒక ఓడ నిలిచే జాగా. అందుకే ఒక పొడుగాటి క్వే మీద చాలా బెర్తులు ఉంటాయి. అవసరమైతే రెండు బెర్తుల్ని కలిపి ఒక పెద్ద ఓడకి ఇస్తారు. డ్రై డాక్ అయితే ఓడని లోపలికి తెచ్చి, తలుపు మూసి, నీళ్ళు తోడేసి రిపేరు చేసే గొయ్యి. సింధియా దగ్గర హిందుస్తాన్ షిప్‌యార్డ్‌లో ఉంది. షిప్‌యార్డ్‌లో బిల్డింగ్ బెర్త్ అని ఇంకోటి వింటారు. ఓడని కట్టి నీళ్ళలోకి జార్చే చోటు అది. స్వాతంత్ర్యం వచ్చాక దేశంలో కట్టిన మొదటి పెద్ద ఓడగా చెప్పుకునే జల ఉషని 1948 మార్చిలో నెహ్రూ నీళ్ళలోకి దించింది ఆ యార్డ్‌లోనే.

ఓడల్లో బెర్త్‌కి ఉద్యోగం అనే అర్థం కూడా ఉంది. ఫలానా ఓడలో థర్డ్ ఆఫీసర్‌గా బెర్త్ దొరికింది అంటారు. మర్చంట్ నేవీలో ఉన్న మన శ్రీకాకుళం, విశాఖ కుర్రాళ్ళ ఇళ్ళలో ఇది వినబడుతుంది. ఊళ్ళో పెద్దాయన "ఏటి బాబూ, ఓడ దొరికిందేటి?" అని అడిగితే అర్థం అదే.

పడుకునే బెర్త్ ఓడల్లో ఎలా ఉంటుందో చూడాలంటే బీచ్ రోడ్డులో ఐఎన్ఎస్ కురుసుర మ్యూజియంకి వెళ్ళండి. నేవీలో పనిచేసి 2001లో విరమించిన జలాంతర్గామి అది. లోపల నావికుల పడకలు చూస్తే, స్లీపర్‌లో అప్పర్ బెర్త్ ఇరుకని ఇంక ఎప్పుడూ అనరు.

రైలు బెర్త్ గురించి మీకు తెలిసిందే కాబట్టి, ఉపయోగపడేవి నాలుగు ముక్కలు. సీటు అంటే కూర్చునే హక్కు, బెర్త్ అంటే పడుకునే హక్కు. ఆ హక్కు రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకే. మిగతా వేళల్లో మిడిల్ బెర్త్ మడిచి ముగ్గురూ కింద కూర్చోవాలి. కిందవాడు పదయ్యాక కూడా సెల్‌ఫోన్ చూస్తూ కూర్చుంటే లెమ్మనే హక్కు మిడిల్ వాడికి ఉంది. పగలు మూడింటికి మిడిల్ బెర్త్ పైకెత్తి నిద్రపోయే హక్కు మాత్రం ఎవరికీ లేదు.

మీ బెర్త్ ఎక్కడుందో టికెట్ మీద నంబరే చెప్తుంది. స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో ఎనిమిదేసి ఒక గది. నంబరుని 8తో భాగించండి. శేషం 1, 4 అయితే లోయర్, 2, 5 మిడిల్, 3, 6 అప్పర్, 7 సైడ్ లోయర్. శేషం లేకపోతే సైడ్ అప్పర్. ఉదాహరణకి 43 అప్పర్, 60 లోయర్, 72 సైడ్ అప్పర్. సెకండ్ ఏసీలో ఆరేసి: 1, 3 లోయర్, 2, 4 అప్పర్, 5 సైడ్ లోయర్, శేషం లేకపోతే సైడ్ అప్పర్. ఆర్ఏసీ వస్తే సైడ్ లోయర్ మీద ఇద్దరు కూర్చోవాలి. అక్కడ మీకు సీటు ఖాయం, బెర్త్ ఖాయం కాదు. పైన చెప్పిన తేడా ఇక్కడే తెలుస్తుంది. మీ అమ్మగారికి టికెట్ తీస్తే వయసు సరిగ్గా వేయండి. 60 దాటిన మగవాళ్ళకీ, 45 దాటిన ఆడవాళ్ళకీ లోయర్ బెర్త్ కోటా ఉంది, ఖాళీని బట్టి వస్తుంది.

విశాఖ స్టేషన్‌లో ఒక తమాషా ఉంది. విజయవాడ వైపు నుంచి వచ్చి భువనేశ్వర్ వైపు వెళ్ళే బండి ఇక్కడ ఇంజన్ మార్చుకుని వచ్చిన వైపుకే తిరిగి బయల్దేరుతుంది. కిటికీ పక్కన ముందుకి చూస్తూ కూర్చున్నాయన వెనక్కి చూడటం మొదలుపెడతాడు. ఈ తిప్పట లేకుండా దువ్వాడ నుంచే పక్కదారిన పోయే బళ్ళూ ఉన్నాయి. బెర్త్ నంబరు మాత్రం మారదు కాబట్టి టెన్షన్ పడక్కర్లేదు.

పేపర్ల బెర్త్ సులువు. సెమీఫైనల్ బెర్త్ ఖాయం, కేబినెట్‌లో బెర్త్ దక్కని సీనియర్లు అని రాస్తారు. లెక్క పెట్టి ఉన్న జాగాలు, వాటికోసం క్యూ. మంత్రివర్గానికి ఈ మాట మరీ బాగా అతుకుతుంది. 2003లో వచ్చిన 91వ రాజ్యాంగ సవరణ ప్రకారం రాష్ట్ర మంత్రుల సంఖ్య, ముఖ్యమంత్రితో కలిపి, శాసనసభ సభ్యుల్లో 15 శాతం దాటకూడదు. మన సభలో 175 మంది కాబట్టి 26 బెర్తులు. వెయిటింగ్ లిస్ట్ ఎంత పొడుగైనా పెట్టె తగిలించడం కుదరదు.

ఇక మీ మెయిళ్ళలో వెంటనే అవసరమయ్యేవి. ఈటీఏ అంటే ఓడ పోర్ట్‌కి ఎప్పుడు చేరవచ్చో, ఈటీబీ అంటే బెర్త్‌కి ఎప్పుడు రావచ్చో, ఈటీడీ అంటే ఎప్పుడు బయల్దేరవచ్చో చెప్పే అంచనాలు. ఈటీఏకీ ఈటీబీకీ మధ్య రోజులు ఎంత పెరిగితే క్యూ అంత ఉన్నట్టు. బెర్తింగ్ ప్రాస్పెక్ట్స్, అంటే బెర్త్ ఎప్పుడు దొరకవచ్చన్న అంచనా, పంపమని ఓనర్లు అడిగితే వాళ్ళకి కావలసింది తేదీ ఒక్కటే కాదు. ముందు ఎన్ని ఓడలున్నాయి, వాటిలో ప్రాధాన్యం ఉన్నవి ఏవి, బెర్త్‌లో ఉన్నది ఎప్పుడు ముగిస్తుంది అనేవి కలిపి రాయండి. ఖచ్చితంగా వస్తుందని మాట ఇవ్వకండి. వాన పడితే ఎరువుల ఓడ హ్యాచ్‌లు (సరుకు గదుల మూతలు) మూసేస్తారు, మీ తేదీ గల్లంతవుతుంది.

చివరగా మీరు పేస్ట్ చేసిన, ఓడలకి హెచ్చరికగా పంపే నావిగేషన్ వార్నింగ్‌లోని వాక్యం, వైడ్ బెర్త్ రిక్వెస్టెడ్. వెడల్పాటి బెర్త్ కావాలని పోర్ట్‌ని అడుగుతున్నారనుకున్నారు కదా. కాదు. నేను మొదట చెప్పిన పాత అర్థం ఇక్కడ బతికే ఉంది. సర్వే ఓడ వెనక కిలోమీటర్ల కొద్దీ కేబుళ్ళు లాక్కుంటూ వెళ్తోంది, దానికి దూరంగా ఉండండని మిగతా ఓడలకి చెప్తున్నారు. దీనికి మీరు బెర్తింగ్ అప్లికేషన్ పెట్టే పని లేదు. అందులో ఇచ్చిన అక్షాంశ రేఖాంశాలు మీ ఓడ వచ్చే దారిలో ఉన్నాయేమో మీ ఆపరేషన్స్ వాళ్ళకి చూపించి, మాస్టర్‌కి ఫార్వర్డ్ చేయండి.